నిర్మాణ కాంట్రాక్టు తగాదాలో ఆర్బిట్రేషన్: క్లాజు చదవడం నుంచి డబ్బు చేతికొచ్చేదాకా

ఫైనల్ బిల్లులో కోతలు పడ్డాయి. ఎక్స్‌ట్రా ఐటమ్‌లకు రేటు ఇవ్వలేదు. సైట్ అప్పగించడంలో ఆలస్యం అవతలివాళ్లదే అయినా పెనాల్టీ మాత్రం మీ బిల్లులోంచి పట్టుకున్నారు. ఇలాంటప్పుడు చాలామంది కాంట్రాక్టర్లు మొదట మంచి అడ్వకేటు కోసం వెతుకుతారు. అడ్వకేటు అవసరమే. అయితే ఆర్బిట్రేషన్‌లో (కోర్టుకు బదులు ఆర్బిట్రేటర్ అనే తటస్థ వ్యక్తి ముందు తగాదా తేల్చుకోవడంలో) చేతికొచ్చే ప్రతి రూపాయికీ పని నడుస్తున్న రోజుల్లో సైట్‌లో పుట్టిన కాగితమే ఆధారం. ఆ కాగితం లేకపోతే ఎంత పెద్ద లాయరు వాదించినా ఆర్బిట్రేటర్ చేయగలిగేది తక్కువ. అందుకే ఈ గైడ్‌లో నోటీసులు, విచారణల కంటే సైట్ రికార్డుకూ లెక్కలకూ ఎక్కువ చోటిచ్చాం.

ముందు చూడాల్సింది: అసలు ఆర్బిట్రేషన్ క్లాజు ఉందా?

అగ్రిమెంటు మొత్తం సెట్టు తీయండి. టెండరు నోటీసు, సాధారణ షరతులు, ప్రత్యేక షరతులు, తర్వాత జరిగిన సప్లిమెంటరీ అగ్రిమెంట్లు అన్నీ కావాలి. క్లాజు ఒక్కోసారి ఒకచోట ఉండి, ప్రత్యేక షరతుల్లో కొట్టేసి ఉంటుంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ పనులు చేసేవారు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోజుల నుంచి వస్తున్న శాఖాపరమైన ఒప్పందాల్లో చాలావాటిలో, 50,000 రూపాయలు దాటిన క్లెయిమ్ సివిల్ కోర్టులోనే తేల్చుకోవాలనే షరతు కనిపిస్తుంది. మీ ఒప్పందంలో అదే ఉంటే ఆర్బిట్రేటర్ కోసం హైకోర్టుకు వెళ్లడం ఖర్చు దండగ. క్లెయిమ్ 3 లక్షలు, అంతకు మించి ఉంటే అది కమర్షియల్ కోర్టు పరిధిలోకి వస్తుంది. ప్రభుత్వం మీద దావా అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందస్తు నోటీసు ఇవ్వాలి. అత్యవసర ఉపశమనం కోరకపోతే కమర్షియల్ కోర్టుల చట్టం 12ఎ సెక్షన్ కింద ముందుగా మీడియేషన్‌కు వెళ్లాలి.

కేంద్ర ప్రభుత్వ సంస్థల టెండర్లలోనూ పరిస్థితి మారుతోంది. 10 కోట్ల లోపు వివాదాలకే ఆర్బిట్రేషన్‌ను పరిమితం చేయాలని, పెద్ద కాంట్రాక్టుల్లో మామూలుగా ఆ క్లాజు పెట్టవద్దని కేంద్ర ఆర్థిక శాఖ 2024 జూన్ 3న మార్గదర్శకాలిచ్చింది. కొత్త టెండరు వేసేముందే అందులో ఈ క్లాజు ఉండే పేజీ చదవండి.

క్లాజు భాష కూడా ముఖ్యమే. వివాదాలు ఆర్బిట్రేషన్‌కు 'వెళ్లాలి' అని ఉండాలి. ఇరుపక్షాలు కోరుకుంటే 'వెళ్లవచ్చు' అని ఉంటే అది కట్టుబడే ఒప్పందం కాదని సుప్రీంకోర్టు 2007లో జగదీశ్ చందర్ కేసులో చెప్పింది.

సబ్ కాంట్రాక్టర్లకు ఇంకో మెలిక ఉంది. 'మెయిన్ అగ్రిమెంటు షరతులే వర్తిస్తాయి' అని వర్క్ ఆర్డర్‌లో ఒక్క వాక్యం రాసినంత మాత్రాన మెయిన్ అగ్రిమెంటులోని ఆర్బిట్రేషన్ క్లాజు మీకు రాదు. 2009లో ఎం.ఆర్. ఇంజనీర్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది. వర్క్ ఆర్డర్‌లోనే ఆర్బిట్రేషన్ గురించి విడిగా రాయించుకోండి. సంతకం పెట్టేముందు ఒక పేరా చేర్పించడం సులువు, తర్వాత కష్టం.

క్లాజు ఉందని తేలాక అందులో ఇవి గుర్తించి పక్కన రాసుకోండి: ఆర్బిట్రేటర్‌ను ఎవరు నియమిస్తారు, ఒక్కరా ముగ్గురా, సీటు (ఆర్బిట్రేషన్‌కు చట్టపరమైన వేదిక) ఏ ఊరు, ఆర్బిట్రేషన్‌కు ముందు ఎస్ఈకో (సూపరింటెండింగ్ ఇంజనీరుకో) ఇంజనీర్‌కో రాయాలా, ఎన్ని రోజుల్లో రాయాలి, ఏ విషయాల్లో శాఖ నిర్ణయమే తుది, వడ్డీ ఇవ్వకూడదనే షరతు ఉందా.

సైట్ రికార్డు: గెలుపోటములు తేలేది ఇక్కడే

ప్రతి క్లెయిమ్‌కూ నాలుగు కాగితాలు ఉండాలి. హక్కు ఇచ్చే క్లాజు, జరిగిన సంగతికి రుజువు, సకాలంలో ఇచ్చిన నోటీసు, పరిమాణం చూపే కొలత. వీటిలో ఎక్కువమంది దగ్గర లేనిది నోటీసు. శాఖ ఇంజనీర్లైన ఏఈతో, డీఈతో సంబంధాలు చెడతాయని రాయడం మానేస్తారు. పని అయ్యాక ఆ ఏఈ బదిలీ అయిపోతాడు, కొత్తగా వచ్చినాయన ఫైలులో ఏముందో అదే చూస్తాడు.

ఉత్తరం మర్యాదగా, పొట్టిగా, అంకెలతో ఉంటే ఎవరికీ కోపం రాదు. కాలువ పని మీద ఇలా రాయొచ్చు. ఇంగ్లీషులో రాసినా సారం ఇదే ఉండాలి:

"అగ్రిమెంటు నంబరు ఫలానా, తేదీ ఫలానా. చైనేజీ 4.200 నుంచి 4.850 కిలోమీటర్ల వరకు భూసేకరణ పూర్తికానందున ఆ భాగం ఇంకా మాకు అప్పగించలేదు. మార్చి 3 నుంచి ఒక ఎక్స్‌కవేటరు, నాలుగు టిప్పర్లు, 22 మంది కార్మికులు ఈ రీచ్‌లో పని లేక నిలిచి ఉన్నారు. వాటిని వేరే రీచ్‌కు మార్చే వీలు ప్రస్తుతం లేదు. ఈ కారణంగా గడువు పొడిగింపుతోపాటు మాకయ్యే ఖర్చుకు పరిహారం కోరుతున్నాం. కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ కింద దీన్నే నోటీసుగా పరిగణించగలరు. రోజువారీ లాగ్ షీట్లు జతచేశాం."

ఇందులో ప్రతి వాక్యానికీ పని ఉంది. చైనేజీ లేకపోతే ఎక్కడ ఆగిందో తెలియదు. తేదీ లేకపోతే ఎన్ని రోజులో తేలదు. వేరేచోటికి మార్చే వీలు లేదని రాయకపోతే 'ఆ మిషన్లు పక్క రీచ్‌లో తిరిగాయి కదా' అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడుగుతారు. 55వ సెక్షన్ ప్రస్తావన ఎందుకంటే, అవతలివారి ఆలస్యాన్ని ఒప్పుకుని పని కొనసాగించేటప్పుడే పరిహారం అడుగుతామని చెప్పకపోతే ఆ హక్కు పోతుంది.

ఎఫ్.ఐ.డి.ఐ.సి. (కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య) నమూనా షరతులున్న ఒప్పందాల్లో నోటీసు గడువు 28 రోజులు. సంగతి తెలిసిన రోజు నుంచి, లేదా తెలిసి ఉండాల్సిన రోజు నుంచి లెక్క. పూర్తి వివరాలివ్వడానికి కూడా అదే రోజు నుంచి లెక్కపెట్టి 1999 ఎడిషన్‌లో 42 రోజులు, 2017 ఎడిషన్‌లో 84 రోజులు ఉంటాయి. 28 రోజులు దాటితే క్లెయిమ్ చచ్చిపోయిందనే వాదన తప్పక వస్తుంది.

గడువు పొడిగింపు దగ్గరే అసలు చిక్కు. 'అదనంగా ఏమీ అడగను' అని అండర్‌టేకింగ్ రాసిస్తేనే పొడిగింపు (ఈఓటీ) ఫైలు కదులుతుందంటారు. దానికితోడు ఏపీ స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్‌లో 59వ క్లాజు ఉంది. కారణం ఏదైనా సరే, జాప్యాలకు, ఆటంకాలకు పరిహారం అడగకూడదని ఆ క్లాజు చెబుతుంది. సి.హెచ్. రామలింగారెడ్డి కేసులో సుప్రీంకోర్టు దాన్ని కాంట్రాక్టరుకు వ్యతిరేకంగా అమలుచేసింది. మీ ఒప్పందంలో 59వ క్లాజు కలిసి ఉంటే ఆలస్యం పరిహారం మీద ఆశ తగ్గించుకుని, చేసిన పనికి రావాల్సిన డబ్బు మీద దృష్టి పెట్టండి: కొలతలు, ఎక్స్‌ట్రా ఐటమ్‌లు, అన్యాయంగా పట్టుకున్న పెనాల్టీ, బిల్లుల్లోంచి ఆపి ఉంచిన రిటెన్షన్ సొమ్ము. ఆ క్లాజు లేనిచోట అండర్‌టేకింగ్ ఇవ్వక తప్పకపోతే, ఆ రోజే 'పని ఆగిపోకూడదని మాత్రమే సంతకం చేశాం, క్లెయిములు వదులుకోలేదు' అని విడిగా ఉత్తరం పంపి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. నెల తర్వాత రాస్తే దానికి విలువ తగ్గుతుంది.

మిగతా రికార్డు సంగతి: హిండ్రెన్స్ రిజిస్టరులో (పనికి వచ్చిన అడ్డంకులు రాసే పుస్తకంలో) శాఖ ఇంజనీరు సంతకం ఉండాలి. డ్రాయింగులు ఏ తేదీన చేతికొచ్చాయో ట్రాన్స్‌మిటల్ కాపీ ఉంచుకోండి. ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) కొలతలు తక్కువ రాస్తే 'నిరసనతో' అని రాసి సంతకం చేయండి, ఊరికే పెట్టకండి. ఎక్స్‌ట్రా ఐటమ్ నోటిమాటగా చెప్పి చేయించుకుంటే ఆ సాయంత్రమే 'మీరు ఈ రోజు సైట్‌లో ఇచ్చిన ఆదేశం ప్రకారం' అంటూ ఈమెయిల్ పెట్టండి. రాతపూర్వక ఆదేశం లేకపోయినా ఉచితంగా చేసే ఉద్దేశం లేని పనిని అవతలివారు వాడుకుని లాభం పొందితే కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ అక్కరకొస్తుంది. వాట్సాప్ సందేశాలు, ఫొటోలు దాఖలు చేస్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయడం మంచిది. ఆర్బిట్రేటర్ సాక్ష్య చట్టానికి కట్టుబడనవసరం లేకపోయినా, అభ్యంతరం ముందే తీరిపోతుంది.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది

లిమిటేషన్ (క్లెయిమ్ వేయడానికి చట్టం ఇచ్చే గడువు) మూడేళ్లు. హక్కు పుట్టిన రోజు నుంచి లెక్కపెట్టి, మూడేళ్లలోపు ఆర్బిట్రేషన్ కోరుతూ ఇచ్చే నోటీసు అవతలివారికి 'అందాలి'. ఆర్బిట్రేషన్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రొసీడింగ్స్ మొదలయ్యేది నోటీసు అందిన రోజున, పోస్టు చేసిన రోజున కాదు. 2023 జూన్ 10న మీ క్లెయిమ్‌ను తిరస్కరిస్తే 2026 జూన్ 10 లోపు నోటీసు వాళ్ల చేతిలో ఉండాలి. చివరి వారం దాకా ఆగవద్దు.

'రాస్తూనే ఉన్నాం కదా, గడువు అదే పెరుగుతుంది' అనేది పెద్ద పొరపాటు. ఒకవైపు ఉత్తరాలు ఎన్ని రాసినా లిమిటేషన్ ఆగదని బీఎస్ఎన్ఎల్, నోర్టెల్ కేసులో సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. బాకీని ఒప్పుకుంటూ అవతలివారు గడువు లోపలే సంతకంతో రాసిస్తే మాత్రం ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు వస్తాయి. 'పరిశీలనలో ఉంది' అన్న జవాబు బాకీ ఒప్పుకోలు కాదు.

ఫైనల్ బిల్లు తీసుకోవడానికి 'నో క్లెయిమ్' సర్టిఫికెట్ రాసిచ్చామని కుంగిపోనవసరం లేదు. అది ఇష్టపూర్వకంగా ఇచ్చారా, డబ్బు ఆపి బలవంతంగా తీసుకున్నారా అన్నది ఆర్బిట్రేటరే తేల్చాలి. ఆ సర్టిఫికెట్ ఉందని ఆర్బిట్రేషన్ తలుపు మూసేయకూడదని క్రిష్ స్పిన్నింగ్ కేసులో 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే బలవంతం జరిగిందని రుజువు మీరే చూపాలి. సొమ్ము జమ అయిన వెంటనే రాసిన నిరసన ఉత్తరమే ఇక్కడ కాపాడేది.

క్లెయిములు లెక్కకట్టడం

ఒక్కో క్లెయిమ్‌ను విడివిడిగా, నంబరుతో రాయండి. చేసిన పని బాకీ, ఎక్స్‌ట్రా ఐటమ్‌లు, ధరల పెరుగుదల, పట్టుకున్న పెనాల్టీ, సెక్యూరిటీ డిపాజిట్, ఐడిల్ మెషినరీ (పని లేక నిలిచిన యంత్రాలు), సైట్ ఓవర్‌హెడ్లు, హెడ్ ఆఫీసు ఓవర్‌హెడ్లు, కోల్పోయిన లాభం, వడ్డీ, ఖర్చులు. అన్నీ కలిపి ఒకే మొత్తం అడిగితే ఆర్బిట్రేటర్‌కు ఒకటి ఒప్పుకుని ఇంకొకటి కొట్టేసే వీలుండదు. దెబ్బ మీకే.

ఓవర్‌హెడ్లు, లాభం లెక్కకు హడ్సన్ ఫార్ములా వాడతారు. లాభం, హెడ్ ఆఫీసు ఖర్చు కలిపి వచ్చే శాతాన్ని, కాంట్రాక్టు విలువను కాలవ్యవధితో భాగిస్తే వచ్చే నెలసరి మొత్తంతోనూ, ఆలస్యమైన నెలలతోనూ గుణించాలి. కాంట్రాక్టు 12 కోట్లు, గడువు 18 నెలలు, శాతం 10, ఆలస్యం 9 నెలలు అనుకుందాం. నెలకు 66.67 లక్షల పని. అందులో పదో వంతు 6.67 లక్షలు. తొమ్మిది నెలలకు 60 లక్షలు.

లెక్క తేలికే, రుజువే కష్టం. యూనిబ్రాస్ కేసులో 2023లో సుప్రీంకోర్టు, ఫార్ములా చూపించి కోల్పోయిన లాభం ఇమ్మంటే కుదరదంది. ఆలస్యం అవతలివారిదని, ఈ పనిలో ఇరుక్కోకపోతే మీకు వేరే పని దొరికేదని ఆధారం చూపాలి. ఆ కాలంలో వదులుకున్న టెండర్ల ఉత్తరాలు, ముందూ వెనకా ఏళ్ల బ్యాలెన్స్ షీట్లలో టర్నోవరు తగ్గుదల, మీ బృందం, మిషన్లు ఈ సైట్‌కే కట్టుబడి ఉన్నాయని చూపే హాజరు పట్టీలు పెట్టాలి. 10 శాతం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చార్టర్డ్ అకౌంటెంటు సర్టిఫికెట్‌తో నిరూపించాలి.

రెండుసార్లు లెక్కించడం మరో ప్రమాదం. ఐడిల్ మెషినరీకి పూర్తి అద్దె అడిగి, అదే మిషన్ మీద తరుగుదలను సైట్ ఓవర్‌హెడ్లలో మళ్లీ కలిపితే మొత్తం లెక్క మీదే నమ్మకం పోతుంది. నిలిచి ఉన్న మిషన్‌కు డీజిలు కాలదు, టైర్లు అరగవు, కాబట్టి అద్దెలో ఆ భాగం తగ్గించి అడగండి. మీ వల్ల కూడా కొంత ఆలస్యం జరిగి ఉంటే ఆ రోజులు ముందే మీరే తీసేయండి. 270 రోజులు అడిగి 190కి రుజువు చూపేవారి కంటే 190 అడిగి 190 నిరూపించేవారి మాట విచారణలో బలంగా నిలుస్తుంది.

వడ్డీ ఇవ్వకూడదని ఒప్పందంలో స్పష్టంగా ఉంటే అవార్డు (ఆర్బిట్రేటర్ తీర్పు) తేదీ వరకు ఆర్బిట్రేటర్ వడ్డీ ఇవ్వలేరు. ఆర్బిట్రేషన్ చట్టం 31(7)(ఎ) సెక్షన్ ఆ అధికారాన్ని ఒప్పందానికి లోబడే ఇచ్చింది. లేకపోతే ఏ తేదీ నుంచి, ఎంత శాతం అన్నది ప్రతి క్లెయిమ్ కింద రాయండి.

నోటీసు, ఆర్బిట్రేటర్ నియామకం

21వ సెక్షన్ నోటీసుకు ముందు క్లాజులో చెప్పిన మెట్లు ఎక్కండి. ఎస్ఈ నిర్ణయం కోరాలని ఉంటే కోరి, ఆ గడువు దాటేదాకా ఆగాలి. నోటీసులో అగ్రిమెంటు నంబరు, క్లాజు నంబరు, వివాదాల జాబితా, మొత్తం, మీరు ప్రతిపాదించే ఆర్బిట్రేటర్ పేరు, 30 రోజుల గడువు రాయండి. అక్నాలెడ్జ్‌మెంటుతో పోస్టులోనూ, ఒప్పందంలో ఉన్న ఈమెయిల్‌కూ పంపండి. 30 రోజుల్లో సమాధానం రాకపోతే 11వ సెక్షన్ కింద హైకోర్టులో దరఖాస్తు వేయాలి. సీటు హైదరాబాద్ అయితే తెలంగాణ హైకోర్టు, విజయవాడో విశాఖో అయితే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు.

శాఖ తన ఉద్యోగినే ఆర్బిట్రేటర్‌గా వేస్తానంటే, పక్షాల ఉద్యోగులు ఆర్బిట్రేటర్ కాకూడదనే 12(5) సెక్షన్, ఏడో షెడ్యూలు అడ్డొస్తాయి. ఫలితంతో సంబంధం ఉన్న వ్యక్తి ఏకైక ఆర్బిట్రేటర్‌ను తానే ఏకపక్షంగా నియమించలేడని పెర్కిన్స్ కేసులో 2019లో తేలింది. 2024 నవంబరు 8న రాజ్యాంగ ధర్మాసనం కూడా ఏకపక్ష నియామకాలు సమానత్వానికి విరుద్ధమని, ప్రభుత్వ సంస్థ తన ప్యానెల్ నుంచే ఎంచుకోమని అవతలివారిని బలవంతపెట్టకూడదని చెప్పింది. ఇక్కడ ఒకటి గుర్తుంచుకోండి: వివాదం మొదలయ్యాక '12(5) అభ్యంతరం వదులుకుంటున్నాం' అనే ఫారం మీద సంతకం చేస్తే ఈ రక్షణ పోతుంది. ఫైలు మధ్యలో ఆ ఫారం పెట్టి పంపితే ఖాళీగానే తిప్పి పంపండి.

ఎవరిని ఎంచుకోవాలి? వివాదం కొలతలు, రేట్ల విశ్లేషణ మీద ఉంటే రిటైర్డ్ చీఫ్ ఇంజనీరు త్వరగా అర్థం చేసుకుంటారు. లిమిటేషన్, క్లాజుల అర్థం మీద ఉంటే రిటైర్డ్ జడ్జి మేలు. సంస్థాగత ఆర్బిట్రేషన్ కావాలనుకుంటే 2021 డిసెంబరులో మొదలైన హైదరాబాద్ అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ సెంటర్ ఉంది.

బ్యాంకు గ్యారంటీ క్యాష్ చేస్తామని ఉత్తరం వస్తే వీటన్నిటికంటే ముందు 9వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లాలి. స్టే రావాలంటే తీవ్రమైన మోసమో, పూడ్చలేని నష్టమో చూపాలి. పని బాగా చేశామనే వాదన చాలదు. ఆర్డరు వస్తే 90 రోజుల్లో ఆర్బిట్రేషన్ మొదలుపెట్టాలి.

ఫీజు

చట్టం నాలుగో షెడ్యూలు నమూనా ఫీజులిచ్చింది. కోటి నుంచి 10 కోట్ల మధ్య క్లెయిమ్‌కు 3,37,500 రూపాయలు, కోటి పైన ఉన్న మొత్తం మీద 1 శాతం. 4 కోట్ల క్లెయిమ్‌కు ఒక్కో ఆర్బిట్రేటర్‌కు 6,37,500. ముగ్గురైతే 19,12,500, అందులో సగం మీ వంతు. ఒక్కరే అయితే 25 శాతం కలిపి 7,96,875, మీ వంతు నాలుగు లక్షల లోపే. 4 కోట్ల తగాదాకు ముగ్గురిని పెట్టుకోవడం అనవసరమనే మా అభిప్రాయం. అవతలివాళ్లు మీ మీద వేసే కౌంటర్ క్లెయిమ్‌కు ఫీజు వేరు. పక్షాలు ఒప్పుకోకుండా ఆర్బిట్రేటర్లు ఏకపక్షంగా ఫీజు పెంచలేరని ఓఎన్‌జీసీ, ఆఫ్కాన్స్ కేసులో 2022లో తేలింది. అవతలివాళ్లు తమ వాటా కట్టకపోతే మీరు కట్టి, ఖర్చుల్లో అడగవచ్చు.

విచారణ

ఆర్బిట్రేటర్లకు నియామక నోటీసు అందిన ఆరు నెలల్లో రెండువైపుల క్లెయిమ్, డిఫెన్స్ స్టేట్‌మెంట్లు పూర్తి కావాలి. అక్కడి నుంచి 12 నెలల్లో అవార్డు రావాలి. ఇరువురూ ఒప్పుకుంటే మరో ఆరు నెలలు, ఆపైన కోర్టు అనుమతి కావాలి. గడువు దాటాక కూడా పొడిగింపు అడగవచ్చని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది.

క్లెయిమ్ స్టేట్‌మెంటుకు ఒక పట్టిక జతచేయండి. క్లెయిమ్ నంబరు, క్లాజు, నోటీసు తేదీ, మొత్తం, ఏ పేజీలో రుజువు, అవతలి జవాబు, చివర ఆర్బిట్రేటర్ రాసుకోవడానికి ఖాళీ గడి. అవార్డు రాసేటప్పుడు ఆయన ముందుండేది ఈ పట్టికే. శాఖ దగ్గరున్న ఎం-బుక్కులు, హిండ్రెన్స్ రిజిస్టరు తెప్పించమని మొదటి సిట్టింగుల్లోనే దరఖాస్తు పెట్టండి. ఇవ్వకపోతే వారికి వ్యతిరేకంగా ఊహించమని కోరవచ్చు. ఆర్బిట్రేటర్ పరిధి మీద అభ్యంతరం ఉన్నవారు డిఫెన్స్ దాఖలుకు ముందో, దానితోపాటో చెప్పాలి.

సాక్షిగా యజమాని కంటే సైట్‌లో ఉన్న ఇంజనీరే నయం. ఉద్యోగం మానేసినా సరే అతన్ని వెతికి పట్టుకోండి. ఏ రోజు ఏ పోర్షన్‌లో కాంక్రీటు పడిందో తెలిసిన మనిషిని క్రాస్‌లో కదిలించడం కష్టం.

అవార్డు వచ్చాక

కూడికల్లో తప్పులుంటే 33వ సెక్షన్ కింద 30 రోజుల్లో సరిదిద్దమని అడగండి. ఓడినవారు 34వ సెక్షన్ కింద మూడు నెలల్లో కోర్టుకు వెళ్లాలి. తగిన కారణం చూపితే మరో 30 రోజులు, ఆపైన ఒక్క రోజు కూడా లేదు. సంతకం చేసిన కాపీ పక్షానికి అందిన తేదీ నుంచి లెక్క కాబట్టి ఆ అక్నాలెడ్జ్‌మెంటు భద్రపరచండి. ఆర్బిట్రేటర్ ఒప్పందాన్నే తిరగరాస్తే, ఆధారం లేకుండా డబ్బిస్తే అవార్డు నిలవదు. సాక్ష్యం విలువను మళ్లీ తూచమంటే కోర్టు వినదు. పరిమితంగా అవార్డును మార్చే అధికారం కోర్టుకుందని 2025 ఏప్రిల్ 30న గాయత్రీ బాలస్వామి కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

34 పిటిషన్ వేసినంత మాత్రాన అవార్డు ఆగదు. స్టే కోసం వేరే దరఖాస్తు వేయాలి, కోర్టు డిపాజిట్ కట్టమనవచ్చు. ప్రభుత్వమైనా దీనికి మినహాయింపు లేదని పామ్ డెవలప్‌మెంట్స్ కేసులో 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. అవార్డులో వేరే రేటు చెప్పకపోతే ఆ తేదీన నడుస్తున్న వడ్డీ రేటు మీద 2 శాతం ఎక్కువగా, డబ్బు ముట్టేదాకా వడ్డీ నడుస్తుంది. 34 గడువు ముగిసి, స్టే లేకపోతే 36వ సెక్షన్ కింద ఎగ్జిక్యూషన్ (అవార్డు అమలు) పిటిషన్ వేయండి. అందులో అసలు, అవార్డు వరకు వడ్డీ, ఆ తర్వాత వడ్డీ విడివిడిగా చూపే లెక్కల పట్టిక, అవతలివారి బ్యాంకు ఖాతాలు, అటాచ్ చేయదగిన ఆస్తుల వివరాలు జతచేయండి. డిపాజిట్ అయిన సొమ్మును మీ తరఫున బ్యాంకు గ్యారంటీ ఇచ్చి తీసుకోవడానికి కూడా అదే కోర్టులో దరఖాస్తు పెట్టవచ్చు.